ఎముకలు గుల్లబారుట – ప్రేగులలోని సూక్ష్మజీవుల సంబంధము

మన కుటుంబములలో 50, 60 ఏండ్లు దాటిన ఆడవారు నీళ్లగదిలో జారిపడి తుంటి విరుగగొట్టుకొనుట, గడప తట్టుకొని చేయి ఊనగా మణికట్టు విరుగుట అరుదైన సంగతులు కావు. "వయసు వచ్చినది, ఎముక అరిగినది" అని ఇంటిల్లిపాది సరిపెట్టుకొందురు. కాని ఇంటి పెద్దమ్మ తుంటి విరిగి మంచము పట్టినదనగా, ఆ యింట కండెలు చుట్టు చేయి ఒకటి ఆగినది; ఆమెను కనిపెట్టుకొని యుండుటకు కోడలో కూతురో మగ్గము దిగినది. ఒక ఎముక విరిగినచో ఇద్దరి పని ఆగును. చికిత్సకు చేసిన అప్పు సంగతి వేరుగ చెప్పనక్కరలేదు.

ఇటీవల మందుల దుకాణములలోను, సెల్‌ఫోనులో వచ్చు ప్రకటనలలోను ఒక క్రొత్త మాట వినవచ్చుచున్నది. ప్రేగులలో మంచి సూక్ష్మజీవులు ఉన్నచో ఎముకలు గట్టిపడునట. వానిని పెంచు పొడులు, క్యాప్సూళ్లు అమ్మకమునకు వచ్చినవి. ఈ మాట బొత్తిగా కల్పన కాదు. దాని వెనుక నిజమైన పరిశోధన ఉన్నది. కాని ఆ పరిశోధన ఎంతవరకు వచ్చి ఆగినదో ప్రకటనలవారు చెప్పరు. వైద్యుడు వ్రాసిన ఎముకల మందు మాని ఈ పొట్లములు వాడవచ్చునా అను ప్రశ్నకు జవాబు ముందే చెప్పుచున్నాను: వాడరాదు. ఎందుకు వాడరాదో, అయినను ఈ సూక్ష్మజీవుల సంగతి మనము ఎందుకు తెలిసికొనవలెనో ఈ వ్యాసములో వివరింతును.

ఎముక అనగా సున్నపు కడ్డీ యని చాలమంది అనుకొందురు. నిజమునకు ఎముకలో మొదట ఉండునది పోగు. కొల్లాజెన్ అను మాంసకృత్తు పోగులు అల్లుకొని నేత వలె ఏర్పడును. ఆ నేతకు కాల్షియము, భాస్వరము కలిసిన ఖనిజము పట్టును. మనము పడుగుకు గంజి పట్టించునట్టిదే ఈ పని. గంజి లేని పడుగు మగ్గము మీద నిలువదు. పోగులో సత్తువ లేక గంజి మాత్రము దట్టమైనచో పెళుసై తెగును. ఎముకకు రెండును కావలెను. అందుచేతనే కాల్షియము బిళ్లలు మ్రింగినంత మాత్రమున ఎముక బాగుపడదు.

ఒకసారి నేసిన గుడ్డ మరల తన్ను తాను నేసికొనదు. ఎముక అట్లు కాదు. మన శరీరములో రెండు రకముల కణములు ఎల్లప్పుడు ఎముక మీద పనిచేయుచుండును. ఒక రకము పాత ఎముకను కొంచెము కొంచెముగ కరగించి తీసివేయును. వీనిని త్రవ్వు కణములు అందము. రెండవ రకము ఆ గుంటలో క్రొత్త పోగు అల్లి ఖనిజము పట్టించును. ఇవి కట్టు కణములు. పెద్దవారిలో ఏడాదికి సుమారు పదవ వంతు ఎముక ఈ విధముగ మారుచుండును. చిన్నతనములో కట్టుట ఎక్కువ, త్రవ్వుట తక్కువ. 30 ఏండ్లు వచ్చుసరికి ఎముక తన నిండు బరువునకు చేరును. తరువాత త్రవ్వుట కొంచెము మీరుచు వచ్చును. ఆడవారికి ముట్లుడిగిన పిదప ఈస్ట్రోజన్ అను హార్మోను తగ్గిపోవును. అంతవరకు త్రవ్వు కణములకు కళ్లెము వేసియుంచినది అదియే. కళ్లెము వదలగానే కొన్ని సంవత్సరములపాటు ఎముక త్వరత్వరగ పలచబడును. ఎముక లోపలి జల్లెడ వంటి భాగములో పోగులు తెగి సందులు పెద్దవగును. దీనినే ఎముకలు గుల్లబారుట, ఆస్టియోపొరోసిస్ అని వైద్యులు చెప్పుదురు. మగవారికిని వచ్చును గాని, సాధారణముగ ఆలస్యముగ వచ్చును.

ఈ జబ్బుకు నొప్పి లేదు. అదే దీనిలోని అపాయము. కీళ్లనొప్పి వేరు, ఇది వేరు. మోకాలు నొప్పి పుట్టినది గనుక ఎముక గుల్లబారినదనుటయు, నొప్పి లేదు గనుక బాగున్నదనుటయు రెండును పొరపాట్లే. ఎత్తు తగ్గుట, వీపు వంగుట, నిలువుపాటున పడినంతనే ఎముక విరుగుట దీని గుర్తులు. డెక్సా అను ఎక్స్‌రే పరీక్షతో తుంటి, నడుము ఎముకల సాంద్రతను కొలుతురు. యువతుల సగటుతో పోల్చి టి-స్కోరు అను అంకె ఇత్తురు. అది మైనస్ 2.5 గాని అంతకు తక్కువ గాని అయినచో గుల్లబారుట అని 1994లో ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు ఏర్పరచినది.

ఇక ప్రేగుల సంగతికి వత్తము. మన పెద్దప్రేగులో కాపురముండు బాక్టీరియాల లెక్క వినువారికి నమ్మశక్యము కాదు. 2016లో ఇజ్రాయెల్ శాస్త్రజ్ఞులు వేసిన లెక్క ప్రకారము ఒక మనిషిలో సుమారు 38 లక్షల కోట్లు! మన శరీర కణములు సుమారు 30 లక్షల కోట్లు. మన కణములకంటె బాక్టీరియాలు పదిరెట్లు ఉన్నవని పుస్తకములలో చాలకాలము వ్రాయుచు వచ్చిరి. అది తప్పని ఈ లెక్కతో తేలినది. అన్నిటి బరువు కలిపి పావుకిలోకు లోపే. ఇవి మనము జీర్ణించుకొనలేని పీచును తిని, పులియబెట్టి, కొన్ని ఆమ్లములను విడుచును. వానిలో ఒకటి బ్యూటిరేట్. నిలువయుండి పాడైన వెన్నకు వచ్చు ఆ ఘాటు వాసన దీని కుటుంబముదే. వాసన సంగతి ఎట్లున్నను, మన కథలో ముఖ్యపాత్ర దీనిదే.

ప్రేగు ఎక్కడ, తుంటి ఎక్కడ? ఈ రెంటికి సంబంధమున్నదని మొదట చక్కగ చూపినవారు స్వీడన్ దేశములోని గోథెన్‌బర్గ్ పరిశోధకులు. 2012లో ప్రకటించిన ఆ పరిశోధనలో వారు పుట్టుక నుండి ఒక్క సూక్ష్మజీవియు తగులకుండ మూసిన గదులలో పెంచిన ఎలుకలను తీసికొనిరి. గాలి, మేత, నీరు అన్నియు శుద్ధిచేసి లోపలికి పంపుదురు. ఆ ఎలుకల ఎముకలు సాధారణ ఎలుకల ఎముకలకంటె దట్టముగ ఉన్నవి! వానికి మామూలు ఎలుకల ప్రేగులలోని సూక్ష్మజీవులను ఎక్కించగా ఎముక సాంద్రత తగ్గి మామూలు స్థాయికి వచ్చినది. అనగా సూక్ష్మజీవుల వలన త్రవ్వు కణముల పని పెరిగినది.

ఇది చదివి, సూక్ష్మజీవులు ఎముకలకు శత్రువులని తొందరపడి అనుకొనరాదు. 2016లో అమెరికాలోని హార్వర్డు పరిశోధకులు ఇటువంటి ప్రయోగమునే ఎక్కువ కాలము సాగించిరి. సూక్ష్మజీవులను ఎక్కించిన మొదటి దినములలో ఎముక తగ్గినమాట నిజమే. కాని నెలలు గడచిన కొలది ఎముక కట్టుట కూడ పెరిగి, పొడవు ఎదుగుదల మెరుగైనది. పీచు పులియుటచే పుట్టిన ఆమ్లములు శరీరములో ఎదుగుదలకు తోడ్పడు ఒక హార్మోనును పెంచుటయే దీనికి కారణమని వారు చూపిరి. కనుక సూక్ష్మజీవులు త్రవ్వుటను, కట్టుటను రెంటిని కదలించుచున్నవి. ఏది మీరునన్నది ఏ సూక్ష్మజీవులు, ఏ ఆహారము, ఏ వయసు అనువాని మీద ఆధారపడును. ఈ చిక్కు తెలియనివారే "మంచి బాక్టీరియా, చెడ్డ బాక్టీరియా" అని రెండు గంపలలో పోసి వ్యాపారము చేయుదురు.

మనకు మరింత కావలసినది ముట్లుడిగిన తరువాతి సంగతి. 2016లోనే అట్లాంటా నగరములోని ఎమొరీ విశ్వవిద్యాలయమువారు హార్మోనును ఆపివేసిన ఎలుకలలో ఏమి జరుగునో చూచిరి. హార్మోను తగ్గగానే ప్రేగు గోడ వదులైనది. ప్రేగు గోడ అనగా దగ్గరి నేత. సందు లేక అల్లిన కణముల వరుస. ఆ నేత వదులైనప్పుడు సూక్ష్మజీవుల తునకలు సందులలో నుండి లోపలికి చొరబడును. శరీరరక్షణకై ఉన్న తెల్లకణములు అది చూచి శత్రువు వచ్చినదని రేగును. అవి విడుచు పదార్థములు రక్తములో ప్రయాణము చేసి ఎముకను చేరి త్రవ్వు కణములను పురికొల్పును. విశేషమేమనగా, సూక్ష్మజీవులే లేని ఎలుకలలో హార్మోను ఆపినను ఎముక అంతగా తరుగలేదు. మామూలు ఎలుకలకు కొన్ని లాక్టోబాసిల్లస్ జాతులను పెట్టినప్పుడు ప్రేగు గోడ బిగిసి ఎముక నిలిచినది. లాక్టోబాసిల్లస్ అనగా మన పెరుగు తోడులో ఉండు వంశమే. కాని వంశమంతయు ఒకే గుణము కలది కాదు.

బ్యూటిరేట్ చేయు మేలు ఏమి? 2018లో జర్మనీలోని ఎర్లాంగెన్ పరిశోధకులు పీచు పులియుటచే వచ్చు ఈ ఆమ్లములు త్రవ్వు కణములు తయారగుటను నేరుగ అడ్డుకొనుచున్నవని ఎలుకలలో చూపిరి. రేగిన తెల్లకణములను శాంతింపజేయు మరొక తరగతి కణములను కూడ బ్యూటిరేట్ పెంచునని ఇతర పరిశోధనలలో కనబడినది. ఇంకొక మేలు చాల సులభమైనది: పెద్దప్రేగులో పులుపు పెరిగినప్పుడు ఆహారములోని కాల్షియము బాగుగ కరగి శరీరమునకు పట్టును. ఇది మనుష్యులలోనే రుజువైనది. ఎదుగుచున్న బాలబాలికలకు ఇనులిన్ జాతి పీచును దినమునకు 8 గ్రాముల చొప్పున ఒక సంవత్సరము ఇచ్చినప్పుడు కాల్షియము ఎక్కువగ పట్టి, ఎముకలలో ఖనిజము ఎక్కువగ చేరినదని 2005లో అమెరికాలో ప్రకటించిరి. ఇనులిన్ మన ఉల్లిలోను, వెల్లుల్లిలోను ఉన్నది. అయితే 8 గ్రాములు రావలెనన్న చాల ఉల్లిపాయలు తినవలెను. పిల్లలకు అన్ని రకముల పీచు పెట్టుటయే మేలు.

ఎలుకలకు మేలైనదెల్ల మనకు మేలగునని చెప్పలేము గదా! కాబట్టి ఆడవారిపై జరిగిన పరీక్షలను వరుసగ చెప్పెదను. కొనుటకు ముందు మన ఇండ్లవారు చదువవలసినది ఈ భాగమే.

2018లో గోథెన్‌బర్గ్ వారు 75 నుండి 80 ఏండ్ల మధ్య వయసుగల, ఎముక సాంద్రత తక్కువగ నున్న 90 మంది స్త్రీలను తీసికొనిరి. కొందరికి లాక్టోబాసిల్లస్ రాయిటరి అను ఒక జాతిని దినమునకు 1000 కోట్ల లెక్కన ఇచ్చిరి. మిగిలినవారికి అదే రూపములో ఉత్తి పొడి. ఎవరికి ఏది యిచ్చినది ఎవరికిని తెలియదు. ఏడాది గడచిన పిదప మోకాలి క్రింది ఎముకను కొలిచిరి. ఉత్తి పొడి తిన్నవారికి 1.85 శాతము తరిగినది. సూక్ష్మజీవులు తిన్నవారికి 0.83 శాతము. ఎముక పెరుగలేదు సుమా, తరుగుట సగమైనది. మరుసటి యేడు, అనగా 2019లో, ముట్లుడిగి కొన్నేండ్లే అయిన 249 మంది స్వీడన్ స్త్రీలకు మూడు జాతులు కలిపి ఇచ్చినప్పుడు నడుము వెన్నుపూసలలో తరుగుదల ఆగినది. ఇంతవరకు శుభవార్తయే. ప్రకటనలవారు ఇక్కడనే ఆగుదురు.

2024లో అదే నగరము నుండి మూడవ ఫలితము వెలువడినది. 2018లో పనిచేసిన ఆ లాక్టోబాసిల్లస్ రాయిటరి జాతినే, ముట్లుడిగిన తొలి యేండ్లలో నున్న 239 మంది స్త్రీలకు రెండేండ్లు ఇచ్చిరి. ఒక జట్టుకు ఎక్కువ మోతాదు, ఒక జట్టుకు తక్కువ మోతాదు, ఒక జట్టుకు ఉత్తి పొడి. మూడు జట్లకును ఎముక ఒకే రీతిగ తరిగినది. సూక్ష్మజీవుల వలన లాభము కనబడలేదు. తమ పూర్వ ఫలితమునకు విరుద్ధముగ వచ్చినను దానిని దాచక ప్రకటించిన ఆ పరిశోధకులను మెచ్చుకొనవలెను. ఒక బేరగాడు మాత్రము 2018 నాటి కాగితమునే జేబులో పెట్టుకొని తిరుగును.

ఇంకొక మాట. ఈ పరీక్షలన్నిటిలోను కొలిచినది ఎముక సాంద్రత. విరుగుట తగ్గినదా లేదా అని తేల్చుటకు వేలమందిని ఏండ్ల తరబడి చూడవలెను. వైద్యులు వ్రాయు మందులకు ఆ పరీక్ష జరిగినది; వాని వలన వెన్నుపూసలు, తుంటి విరుగుట తగ్గినది. సూక్ష్మజీవుల పొట్లములకు ఆ పరీక్ష జరుగలేదు. నా అభిప్రాయములో, నెలకు వందల రూపాయలు పెట్టి వానిని కొనుటకంటె ఆ డబ్బుతో ఇంటికి రాగులు, పాలు, పప్పులు తెచ్చుకొనుట మేలు.

అయితే మందులకును సూక్ష్మజీవులకును పొత్తు ఉన్నదని ఇప్పుడిప్పుడే తెలియుచున్నది. ఎముకను క్రొత్తగ కట్టించు టెరిపారటైడ్ అను సూదిమందు కలదు. చాల గుల్లబారినవారికి దినమునకు ఒకటి చొప్పున ఇత్తురు. ఎమొరీ వారే 2020లో ఒక సంగతి ప్రకటించిరి. ప్రేగులలో సూక్ష్మజీవులను నశింపజేసిన ఎలుకలకు ఈ తరగతి మందు ఇచ్చినను ఎముక పెరుగలేదు. బ్యూటిరేట్‌ను తిరిగి అందించగా మందు పనిచేసినది! అనగా మందు కట్టు కణములకు పని చెప్పుటకు నడుమ బ్యూటిరేట్ మాట సాయము కావలసియున్నది. మనుష్యులలో ఇది ఎంతవరకు నిజమో తేలవలసియున్నది. అయినను ఎముకల మందు వాడుచున్నవారు పీచు లేని తెల్లన్నము మాత్రమే తినుచు కూర్చుండుటకు ఇది మంచి కారణము కాదు.

సూక్ష్మజీవులను నశింపజేయునవి ఏవి? మొదటివి యాంటీబయాటిక్ మందులు. ఇవి ప్రాణదాతలు. మన తెలుగువాడు, 1895లో భీమవరమున జన్మించిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో పరిశోధనల అధ్యక్షుడుగ నుండగా, 1948లో ఆయన సంస్థ నుండి ఆరియోమైసిన్ వెలువడినది; టెట్రాసైక్లిన్ కుటుంబములో మొదటిది అదియే. ఆ కుటుంబపు మందులకు ఒక చిత్రమైన గుణమున్నది. అవి అప్పుడే కట్టుచున్న ఎముకకు అంటుకొని, తగిన దీపము క్రింద మెరయును. కొన్ని దినముల ఎడముతో రెండుసార్లు ఇచ్చి, రెండు గీతల నడుమ దూరము చూచి, ఎముక ఎంత వేగముగ కట్టుచున్నదో వైద్యులు కొలుతురు. అంతకు ముందే, 1925లో, ఫిస్కె అను ఆచార్యునితో కలిసి రక్తములోని భాస్వరమును కొలుచు పద్ధతిని కనుగొన్నదియు సుబ్బారావుగారే. ఎముకల శాస్త్రమునకు ఆయన రెండు విధముల ఉపకారి. ఆయనవంటివారు ప్రసాదించిన ఔషధమును మనము జలుబుకు, ఒళ్లునొప్పికి దుకాణములో అడిగి రెండు బిళ్లలు తెచ్చుకొని మ్రింగుట అన్యాయము. ఆ బిళ్ల జలుబును తగ్గించదు. ప్రేగులలోని కాపురములను మాత్రము కూల్చును. వైద్యుడు వ్రాసినప్పుడు పూర్తిగ వాడవలెను, వ్రాయనప్పుడు తాకరాదు.

రెండవది గ్యాసు మాత్ర. కడుపులో మంట యని ఒమెప్రజోల్, పాంటొప్రజోల్ జాతి మాత్రలను ఏండ్ల తరబడి ప్రతి ఉదయము మ్రింగువారు మన ఇండ్లలో కోకొల్లలు. నొప్పి బిళ్లకు తోడుగ మొదలై అది నిత్యకృత్యమగును. ఈ మాత్రలను ఎక్కువ కాలము వాడువారిలో తుంటి, మణికట్టు, వెన్నుపూసలు విరుగు అవకాశము హెచ్చవచ్చునని 2010లో అమెరికా ఔషధశాఖ హెచ్చరించినది. ఇవి జీర్ణకోశపు పులుపును తగ్గించి ప్రేగులలోని సూక్ష్మజీవుల పొందికను మార్చునని కూడ తరువాత తేలినది. అవసరమున్నవారు మానరాదు. అవసరమున్నదా అని ఆరు నెలలకొకసారి వైద్యుని అడుగవలెను.

మూడవది అన్నిటికంటె చెడ్డది. నడుము నొప్పి, కీళ్ల నొప్పి పోగొట్టుదునని పేరులేని పొట్లములు, చూర్ణములు అమ్మువారు నేత వాడలకు తప్పక వత్తురు. గంటల తరబడి గుంట మగ్గములో కూర్చున్న నడుమునకు అవి ఒక్క రోజులో హాయి కలిగించును. అంత త్వరగ పనిచేయు పేరులేని మందులలో స్టీరాయిడు కలిపియుండుట చాలసార్లు బయటపడినది. స్టీరాయిడు ఎముకను గుల్లచేయుటలో పేరుమోసినది. ఈ నష్టములో కూడ ప్రేగుల సూక్ష్మజీవులకు భాగమున్నదని 2020లో ఎలుకలపై జరిగిన పరిశోధనలో కనబడినది. ఉబ్బసము మొదలగువానికి వైద్యుడు వ్రాసిన స్టీరాయిడు వేరు. దానిని హఠాత్తుగ మానుట కూడ ప్రమాదమే. కాని పేరులేని పొట్లమును ఇంటిలోనికి రానీయరాదు.

ఆహారము విషయములో మనవారు ఏ రాష్ట్రములో స్థిరపడిరో ఆ నేల పంటనే తినుట అలవాటు చేసికొనిరి. అది మంచిదైనది. కర్ణాటకములోని మనవారికి రాగిముద్ద ఉన్నది. నూరు గ్రాముల రాగులలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియము కలదు. ధాన్యములలో దీనికి సాటి లేదు. పైగా పీచు. రాగిపిండిని పులియబెట్టి అంబలి కాచినచో కాల్షియమును పట్టియుంచు ఫైటేట్ అను పదార్థము తగ్గి శరీరమునకు ఎక్కువ అందును. షోలాపూరు, భీవండి వైపు జొన్నరొట్టె, పప్పులు ఉన్నవి. జొన్నలో కాల్షియము తక్కువైనను సూక్ష్మజీవులకు మేత మెండు. బరంపురములో పఖాళ, తమిళనాట పళయసోరు, యానాములో మన చద్దన్నము, తరవాణి ఒకే ఇంటి బిడ్డలు. వండిన అన్నము చల్లారి రాత్రియంతయు నిలిచినప్పుడు అందులోని పిండిలో కొంత మన కడుపునకు అరుగని రూపమునకు మారును. అది పెద్దప్రేగును చేరి సూక్ష్మజీవులకు ఆహారమగును. బీదల తిండియని చద్దిని చిన్నచూపు చూచి ఉదయమున బిస్కత్తులు తినుచున్న పిల్లలకు ఈ సంగతి చెప్పవలెను. అయితే చద్దన్నము తిన్నవారికి ఎముకలు విరుగవని ఎవరును రుజువు చేయలేదు. వేసవిలో ఎక్కువసేపు నిలిచి చెడినదానిని తినరాదు. అందులో ఉప్పు తగ్గించవలెను. ఉప్పు హెచ్చినచో కాల్షియము మూత్రములో పోవును.

పెరుగు సంగతి. ఐర్లండులో 60 ఏండ్లు దాటిన 4,310 మందిని పరిశీలించి 2017లో ప్రకటించిన దానిలో, పెరుగు ఎక్కువగ తిను స్త్రీలకు తుంటి ఎముక సాంద్రత ఎక్కువగ నున్నది. పెరుగు తినువారు ఇతర విధములను కూడ ఆరోగ్యము చూచుకొనువారు కావచ్చును గనుక ఇది పెరుగు మహిమయే యని గట్టిగ చెప్పరాదు. అయినను పెరుగులో మాంసకృత్తు ఉన్నది, కాల్షియము ఉన్నది; పాలు పడనివారికి పెరుగు పడును, తోడులోని సూక్ష్మజీవులు పాలలోని చక్కెరను కొంత తినివేయును గనుక. పెద్దవారికి దినమునకు 1000, ముట్లుడిగిన స్త్రీలకు 1200 మిల్లీగ్రాముల కాల్షియము కావలెనని 2020లో భారత వైద్య పరిశోధన మండలి నిర్ణయించినది. ఒక గ్లాసు పాలలో సుమారు 240. లెక్క వేసికొన్నచో మనము ఎంత దూరములో నున్నామో తెలియును. ఇంటిలో మగవారికి, పిల్లలకు వడ్డించి అడుగున మిగిలిన మజ్జిగనీళ్లు తాను త్రాగు తల్లికే ఎక్కువ కావలెనని ఆ లెక్క చెప్పుచున్నది.

ఎండ విషయమై నాలుగు మాటలు. విటమిన్ డి లేనిదే కాల్షియము పట్టదు. తిరుపతిలో చేసిన పరిశోధనలో ఉదయము 11 నుండి మధ్యాహ్నము 2 గంటల వరకు ఎండలోనే అది చర్మములో బాగుగ తయారగునని తేలినది. సరిగ్గ ఆ వేళకు మనము మగ్గము గుంటలోనో, మరమగ్గముల కొట్టములోనో ఉందుము. మరొక సంగతి: కూర్చుండి కాళ్లతో తొక్కుట ఎంత శ్రమయైనను ఒంటిబరువు ఎముకలపై పడు శ్రమ కాదు. భోజనమునకు లేచినప్పుడు చేతులు, ముఖము ఎండకు తగులునట్లు పావుగంట నడచుట రెండు లోట్లను తీర్చును.

చివరకు చికిత్స. పొట్లములు చూచి మందు మానరాదంటిని; ముఖ్యముగ ఒక మందు విషయములో ఇది ప్రాణముమీది మాట. వారమునకొక బిళ్లగ ఇచ్చు అలెండ్రొనేట్‌ను పరగడుపున ఒక గ్లాసు మంచినీటితో మ్రింగి, అరగంట పడుకొనక, ఏమియు తినక నిలిచియుండుటయో కూర్చుండుటయో చేయవలెను. పాలతోను, కాఫీతోను, కాల్షియము బిళ్లతోను కలిపినచో మందు పట్టదు. కొన్నేండ్లు వాడిన పిదప వైద్యుడే దీనికి విరామము చెప్పవచ్చును. ఏడాదికొకసారి రక్తనాళములోనికి ఎక్కించు జొలెడ్రొనిక్ ఆమ్లము కూడ ఈ తరగతిదే. ఈ రెండును ఎముకలో నిలిచి కొంతకాలము పనిచేయును. ఆరు నెలలకొకసారి పొట్టలోనో భుజమునకో చర్మము క్రింద వేయు డెనోసుమాబ్ సూది అటువంటిది కాదు. దాని ప్రభావము తీరగానే అంతవరకు అణగియున్న త్రవ్వు కణములు ఒక్కసారి విజృంభించును. సూది ఆలస్యమైనవారికి, మానినవారికి వెన్నుపూసలు ఒకటి వెంట ఒకటి విరిగిన ఉదాహరణలు వైద్య పత్రికలలో కలవు. మానవలసి వచ్చినచో దాని బదులు మరొక మందు వెంటనే ఆరంభింపవలెను.

మన కుటుంబములలో తల్లి ఆరు నెలలు భీవండిలోని పెద్దకొడుకు వద్ద, ఆరు నెలలు ఊరిలోని చిన్నకొడుకు వద్ద ఉండుట సాధారణము. సూది తేదీ తప్పుట సరిగ్గ ఆ ప్రయాణములలోనే జరుగును. కనుక మందు పేరు, వేసిన తేదీ, మరల వేయవలసిన తేదీ ఒక కాగితముపై తెలుగులోను, అక్కడి వైద్యుడు చదువుటకు ఇంగ్లీషులోను వ్రాయించి, రేషను కార్డు పెట్టిన సంచిలోనే ఉంచవలెను. ఆమె తినుచున్న గ్యాసు మాత్ర, నొప్పి బిళ్ల, పొడి పొట్లము పేర్లు కూడ ఆ కాగితము మీదనే వ్రాసి, క్రొత్త ఊరి వైద్యునికి మొదటి దినముననే చూపవలెను.